సొరుగులో పడున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లను ఆన్‌లైన్‌లో మంచి ధరకు అమ్మడం ఎలా?

కొత్త ఫోన్ కొన్న రోజున పాతదాన్ని సొరుగులో పడేస్తాం. ఎప్పుడైనా అవసరమొస్తుందిలే అనుకుంటాం. ఆ అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. ఈలోగా బ్యాటరీ నీరసిస్తుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోతాయి, అంతకంటే మంచి మోడళ్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడం మొదలవుతుంది. ఏడాది క్రితం అమ్మి ఉంటే వచ్చే డబ్బులో సగం కూడా ఇప్పుడు రాకపోవచ్చు. అందుకే అమ్మాలనుకున్న వస్తువును ఈ వారంలోనే బయటికి తీయండి.

పాత ఎలక్ట్రానిక్ వస్తువు కొనేవాళ్ల మనసులో ముందుగా మెదిలేది అనుమానం. దొంగ ఫోనేమో, నీళ్లలో పడిందేమో, ఇంటికి తీసుకెళ్లాక లాక్ అడుగుతుందేమో, బ్యాటరీ గంట కూడా నిలవదేమో అని. ఆ అనుమానాలన్నిటికీ కలిపి వాళ్లు ధరలో కోత పెడతారు. ఒకే మోడల్, ఒకే వయసు ఉన్న రెండు ఫోన్లలో ఒకటి వెంటనే అమ్ముడుపోయి ఇంకోటి నెలల తరబడి అలాగే ఉండిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కాబట్టి అమ్మకం అంటే కొనేవాళ్ల అనుమానాలకు ముందుగానే రుజువుతో జవాబు చెప్పడం. కింద చెప్పిన పనుల్లో చాలావరకు అందుకే. మిగతావి మీ డేటాను, మీ డబ్బును కాపాడుకోవడానికి.

1. ఏది అమ్మాలో తేల్చుకోండి

ఇంట్లో ఉన్న పాత సామానంతా ఒక బల్ల మీద పెట్టండి. ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లు, గేమ్ కన్సోళ్లు, కెమెరాలు, లెన్సులు, స్మార్ట్ వాచ్‌లు, హెడ్‌ఫోన్లు అన్నీ. వీటిలో కెమెరా లెన్సులు, గేమ్ కన్సోళ్లు ధర బాగా నిలుపుకుంటాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు త్వరగా పడిపోతాయి. అందుకని ముందు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల పని పట్టండి.

పాడైపోయినవాటిని అప్పుడే చెత్తబుట్టలో వేయకండి. ఆన్‌లైన్ వేలం సైట్ ఈబే 1995లో మొదలైనప్పుడు అందులో అమ్ముడైన తొలి వస్తువు పనిచేయని లేజర్ పాయింటర్. 14.83 డాలర్లు పలికింది. అది పాడైందని తెలుసా అని వ్యవస్థాపకుడు పియెర్ ఒమిడ్యార్ అడిగితే, తాను పాడైన లేజర్ పాయింటర్లను సేకరిస్తుంటానని కొన్న వ్యక్తి చెప్పాడట. ఈ రోజుకీ రిపేర్ చేసేవాళ్లు, విడిభాగాలు వెతికేవాళ్లు పాడైన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొంటూనే ఉన్నారు. స్క్రీన్ పగిలినా మదర్‌బోర్డు బాగుంటే చాలు, మదర్‌బోర్డు పోయినా స్క్రీన్ బాగుంటే చాలు. పాడైందన్న మాటను దాచకుండా, ప్రకటన మొదట్లోనే చెప్పడం ఒక్కటే షరతు.

ఒక్క మినహాయింపు ఉంది. బ్యాటరీ ఉబ్బినవాటిని అమ్మకానికి పెట్టకండి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

2. పరిస్థితిని మీరే పరీక్షించండి

కొనేవాళ్లు కనిపెట్టేలోపు లోపాలు మీకు తెలిసి ఉండాలి. ఫోన్ అయితే స్క్రీన్ అన్ని మూలలా టచ్ పనిచేస్తోందా, ముందూ వెనకా కెమెరాలు, స్పీకర్, మైక్, చార్జింగ్ పోర్ట్, వేలిముద్ర, వై-ఫై, బ్లూటూత్, సిమ్ సిగ్నల్ ఒక్కొక్కటిగా చూడండి. స్క్రీన్ గార్డ్ తీసేసి చూడడం మర్చిపోవద్దు. పగులు గార్డ్‌కే ఉందో, లోపలి గాజుకే ఉందో అప్పుడే తెలుస్తుంది.

బ్యాటరీ గురించి అంకె చెప్పగలిగితే మాటకు బలం వస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో బ్యాటరీ హెల్త్ శాతం కనిపిస్తుంది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీ 500 పూర్తి చార్జింగ్ సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ సంఖ్య 1000 సైకిళ్లు. అంటే 85 శాతం ఉన్న పాత ఐఫోన్ గురించి సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ అంకెను ధైర్యంగా రాయండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా చార్జ్ అయితే ఉండే సామర్థ్యం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి.

ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్ అధికారికంగా విండోస్ 11 నడపగలదా లేదా అన్నది ఇప్పుడు ధరను బాగా మారుస్తుంది. నడపగలిగితే విండోస్ 11 ఎక్కించి అమ్మండి. లేకపోతే లైనక్స్ వాడేవాళ్లు, విడిభాగాలు కావాల్సినవాళ్లు ఉంటారు, వాళ్లకు తగ్గ ధర పెట్టండి.

ఫోన్ డయలర్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్ వస్తుంది. డబ్బా మీద, బిల్లు మీద ఉన్న నంబర్‌తో సరిపోలుతోందో చూసి రాసిపెట్టుకోండి. వాయిదాలు ఇంకా కడుతున్న ఫోన్, ఏదైనా నెట్‌వర్క్‌కు లాక్ అయిన ఫోన్ అయితే ముందు ఆ లెక్క తేల్చుకోవాలి. కొన్ని దేశాల్లో బకాయి ఉన్న ఫోన్‌ను కంపెనీ బ్లాక్ చేస్తుంది, అప్పుడు కొన్నవాళ్లు మీ మీదికే వస్తారు.

3. డేటా: తొందరపడకూడని పని

ధర కొంచెం తక్కువ వచ్చినా సర్దుకుపోవచ్చు. మీ ఫొటోలు, బ్యాంకు యాప్, మెయిల్ ఇంకొకరి చేతిలో పడితే సర్దుకోలేం. కొనేవాళ్లు ఎదురుగా నిలబడి ఉండగా హడావిడిగా రీసెట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చాలా ప్రమాదకరమైన అలవాటు. ప్రకటన పెట్టకముందే, ఇంట్లో కూర్చుని ప్రశాంతంగా చేయండి. వరుస కూడా ముఖ్యం, ఎందుకంటే ఒక మెట్టు దాటేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ముందుగా బ్యాకప్. ఫొటోలు, కాంటాక్టులు, నోట్స్, వాయిస్ రికార్డింగులు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్. వాట్సాప్ చాట్‌లకు విడిగా బ్యాకప్ తీయాలి. బ్యాకప్ అయిందని మెసేజ్ వస్తే సరిపోదు, కొత్త ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి రెండు మూడు పాత ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

తర్వాత ఆథెంటికేటర్ యాప్. దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. లాగిన్ అయ్యేటప్పుడు ఆరంకెల కోడ్ ఇచ్చే యాప్ పాత ఫోన్‌లోనే ఉండిపోయి, ఫోన్ చెరిపేస్తే మీ సొంత మెయిల్‌లోకి మీరే వెళ్లలేకపోవచ్చు. కోడ్‌లను కొత్త ఫోన్‌కు మార్చి, ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. బ్యాంకు, చెల్లింపుల యాప్‌లను కూడా కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసి, పాతదాంట్లోంచి తొలగించండి.

మూడోది, అకౌంట్ల నుంచి బయటికి రావడం. దొంగలు ఫోన్ కొట్టేసినా వాడుకోలేకుండా చేయడానికి ఆపిల్ 2013లో ఐఓఎస్ 7తో యాక్టివేషన్ లాక్ తెచ్చింది. గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఇలాంటి రక్షణే తెచ్చింది. మీ అకౌంట్ ఫోన్‌లో ఉండగా రీసెట్ చేస్తే, తిరిగి ఆన్ చేసినప్పుడు మీ పాస్‌వర్డ్ అడిగే అవకాశం ఉంది. కొన్నవాళ్లకు అది ఇటుకతో సమానం. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి, అన్నిటికంటే కింద ఉన్న సైన్ అవుట్ ఎంచుకుంటే, పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై కూడా ఆఫ్ అవుతుంది. ఆండ్రాయిడ్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి గూగుల్ అకౌంట్‌ను తొలగించాలి. శాంసంగ్, షావోమి లాంటి ఫోన్లలో ఆ కంపెనీ సొంత అకౌంట్ కూడా ఉంటుంది, దాన్నీ తీసేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సైన్ అవుట్ కాకముందే ఐఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ కూర్చోకండి. ఐక్లౌడ్‌తో కలిసి ఉన్నవి అక్కడ చెరిపితే క్లౌడ్‌లోనూ, మీ కొత్త ఫోన్‌లోనూ చెరిగిపోతాయి.

నాలుగోది ఫ్యాక్టరీ రీసెట్. ఇటీవలి ఫోన్లన్నిటిలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డిజిటల్ తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవి చెరిగిపోతుంది కాబట్టి, లోపల ఏదైనా మిగిలినా చదవడానికి వీలుండదు. మరీ పాత ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ముందు సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీలో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, అది పూర్తయ్యాక రీసెట్ చేయండి. ఈ-సిమ్ ఉంటే దాన్ని కొత్త ఫోన్‌కు మార్చి, పాత ఫోన్‌లోంచి తొలగించే ఆప్షన్ ఎంచుకోండి. సిమ్ ట్రే తీసి చూడండి. మెమరీ కార్డును ఎవరికీ అమ్మొద్దని నా సలహా. మామూలుగా ఫార్మాట్ చేసిన కార్డు నుంచి ఫొటోలు బయటికి తీసే ఉచిత సాఫ్ట్‌వేర్లు బోలెడు ఉన్నాయి, దానికి వచ్చే డబ్బూ తక్కువే.

చివరిగా ఫోన్ ఆన్ చేసి, స్వాగతం పలికే మొదటి స్క్రీన్ వస్తోందో, పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడగకుండా ముందుకు వెళ్తోందో చూడండి. ఈ చిన్న పరీక్ష చేశాకే లాక్ పోయిందని నమ్మండి.

ల్యాప్‌టాప్‌ల సంగతి కొంచెం వేరు. విండోస్‌లో రీసెట్ దిస్ పీసీకి వెళ్లి రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకున్నాక, సెట్టింగ్స్ మార్చే చోట క్లీన్ డేటా అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పని ఎక్కువసేపు పడుతుంది కానీ, పాత ఫైళ్లను తిరిగి రాబట్టడం చాలా కష్టమవుతుంది. ఆపిల్ సొంత చిప్ గానీ టీ2 అనే సెక్యూరిటీ చిప్ గానీ ఉండి, 2021లో వచ్చిన మాంటరీ లేదా ఆ తర్వాతి మ్యాక్‌ఓఎస్ ఉన్న మ్యాక్‌లలో ఐఫోన్‌లాగే మొత్తం కంటెంట్‌ను, సెట్టింగ్స్‌ను చెరిపే ఆప్షన్ ఉంది. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్ అయితే మొత్తం డిస్క్ మీద ఒకసారి వేరే డేటా రాయించే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మకమైనది కాదు. అందులో డేటా ఏ గదిలో పడుతుందో డ్రైవే నిర్ణయించుకుంటుంది, కొన్ని గదుల జోలికి మన సాఫ్ట్‌వేర్ వెళ్లలేదు. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సాధనం వాడాలి. ఆఫీసు ఫైళ్లు, రోగుల వివరాలు, ఇతరుల సమాచారం ఉన్న డ్రైవ్ అయితే విప్పి తీసేసుకుని, డ్రైవ్ లేకుండానే కంప్యూటర్ అమ్మేయండి.

చిన్న పరికరాలనూ వదలొద్దు. స్మార్ట్ వాచ్‌ను ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేయాలి. ఆపిల్ వాచ్‌కు యాక్టివేషన్ లాక్ కూడా అప్పుడే పోతుంది. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లను, ట్రాకర్లను అకౌంట్ నుంచి తీసేయాలి. ఇంటి సెక్యూరిటీ కెమెరా మీ అకౌంట్‌లోనే ఉంటే కొన్నవాళ్లు దాన్ని సెట్ చేసుకోలేరు. టీవీ, గేమ్ కన్సోల్, ఈ-బుక్ రీడర్, ప్రింటర్, రౌటర్ అన్నిటినీ రీసెట్ చేయండి, వాటిలో మీ వై-ఫై పాస్‌వర్డ్ ఉంటుంది.

4. శుభ్రం చేయండి, పెద్ద రిపేర్ల జోలికి పోకండి

పవర్ ఆఫ్ చేసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. మరకలకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డ సరిపోతుంది. ద్రవాన్ని నేరుగా పరికరం మీద చల్లకూడదు. చార్జింగ్ పోర్ట్‌లో దూది, దుమ్ము ఇరుక్కుంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, లోహపు పిన్ను పెట్టొద్దు. కీబోర్డు మధ్యలోని నలకలు బ్రష్‌తో పోతాయి.

స్క్రీన్ మార్పించి అమ్మితే లాభమా అని చాలామంది అడుగుతారు. నాకు తెలిసి సాధారణంగా నష్టమే. రిపేర్‌కు పెట్టినంతా ధరలో తిరిగి రాదు. పైగా చవక స్క్రీన్ వేయిస్తే ఇటీవలి ఐఫోన్లలో ఆ భాగం అసలుదో కాదో తేల్చలేకపోతున్నామని సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది, అది చూడగానే కొనేవాళ్లకు కొత్త అనుమానం పుడుతుంది. పోయిన చార్జర్ కేబుల్ కొనడం, ఊడిన స్క్రూ బిగించడం లాంటి చిన్న పనులు చాలు.

5. ధర ఎలా పెట్టాలి

అమ్మకానికి ఉన్న ప్రకటనల్లోని ధరలు చూసి మోసపోవద్దు. అవి అమ్మేవాళ్ల ఆశలు. నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. ఈబేలో వెతికినప్పుడు అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అలాంటి సదుపాయం లేని చోట, మీ మోడల్ ప్రకటనల్లో ఏవి వారంలోపే మాయమవుతున్నాయో, ఏవి అలాగే ఉండిపోతున్నాయో కొన్ని రోజులు గమనించండి. త్వరగా మాయమైన ధర అసలు మార్కెట్ ధరకు దగ్గరగా ఉంటుంది. పోల్చేటప్పుడు స్టోరేజ్, ర్యామ్, రంగు, నెట్‌వర్క్ లాక్, డబ్బా ఉందా లేదా అన్నీ ఒకేలా ఉన్నవాటినే పోల్చాలి.

మీరు కొన్నప్పుడు ఎంత పెట్టారన్నది కొనేవాళ్లకు అక్కర్లేదు. ఈ మాట కష్టంగా ఉంటుంది కానీ, ఎంత త్వరగా ఒప్పుకుంటే వస్తువు అంత త్వరగా చేయి మారుతుంది.

మీకు ఇంతకంటే తక్కువకు ఇవ్వకూడదు అనిపించే ధర ఒకటి మనసులో పెట్టుకుని, ప్రకటనలో దానిమీద 5 నుంచి 10 శాతం ఎక్కువ రాయండి. బేరానికి ఆ చోటు చాలు. మరీ ఎక్కువ పెడితే నిజంగా కొనాలనుకునేవాళ్లు అడగకుండానే వెళ్లిపోతారు. మరీ తక్కువ పెడితే ఏదో లోపం ఉందనుకుంటారు.

కాలం కూడా ధరను నడుపుతుంది. ఆపిల్ కొత్త ఐఫోన్లను ఎక్కువగా సెప్టెంబర్‌లో ప్రకటిస్తుంది, శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుస సాధారణంగా ఏడాది మొదటి నెలల్లో వస్తుంది. ప్రకటన వెలువడ్డాక పాతవాటిని అమ్మేవాళ్లు ఒక్కసారిగా పెరుగుతారు. అంతకు నెల ముందే అమ్మేస్తే మంచిది.

6. ఎక్కడ అమ్మాలి

దారులు స్థూలంగా మూడు. ఒకటి, కంపెనీల ఎక్స్ఛేంజ్, బైబ్యాక్ సేవలు. ఫారం నింపితే ధర చెప్పేస్తారు, బేరం లేదు, టెన్షన్ లేదు, డబ్బు మాత్రం తక్కువ. ఆన్‌లైన్‌లో చూపించిన ధర వస్తువును పరీక్షించాక తగ్గడం మామూలే, కాబట్టి తగ్గితే వెనక్కి పంపడానికి ఖర్చు ఎవరిదో ముందే చదవండి. రెండోది, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి చోట దగ్గర్లో ఉన్నవాళ్లకు నేరుగా అమ్మడం. ఎదురెదురుగా అమ్మితే కమిషన్ ఉండదు, ధర బాగుంటుంది, పనికిరాని మెసేజ్‌లు మాత్రం కుప్పలుగా వస్తాయి. మూడోది, ఈబే లాంటి చోట దూరప్రాంతాల వాళ్లకు కొరియర్‌లో పంపడం. అరుదైన వస్తువులకు, పాత కెమెరాలకు, విడిభాగాలకు ఇదే సరైన చోటు, ఎందుకంటే వాటిని కోరుకునేవాళ్లు మీ వీధిలో ఉండకపోవచ్చు.

పోల్చేటప్పుడు చేతికి మిగిలేదాన్నే చూడండి. అమ్మిన ధరలోంచి కమిషన్, కొరియర్, ప్యాకింగ్ తీసేశాక ఎంత మిగులుతుందో లెక్కేస్తే, ఎక్కువ ధర చూపించే చోటు కొన్నిసార్లు తక్కువ మిగులుస్తుంది. నా అభిప్రాయం అడిగితే: మంచి స్థితిలో ఉన్న ఫోన్, ల్యాప్‌టాప్‌లను, టీవీ లాంటి బరువైనవాటిని దగ్గర్లో అమ్మండి. లెన్సులు, కన్సోల్ గేములు, అరుదైనవి దూరం పంపండి. ఓపిక లేకపోతే బైబ్యాక్‌కు ఇచ్చేయండి, అందులో తప్పేమీ లేదు.

7. ఫొటోలు

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఒకే రంగు బట్ట మీద పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. ముందు, వెనక, నాలుగు అంచులు, పోర్టులు, స్క్రీన్ ఆన్‌లో ఉన్నది, వెంట ఇచ్చే సామానంతా ఒక్క ఫ్రేమ్‌లో. స్క్రీన్ మీద పూర్తి తెల్లటి చిత్రం పెట్టి తీసిన ఫొటో మచ్చలు, చచ్చిన పిక్సెళ్లు లేవని రుజువు చేస్తుంది. గీతలు, సొట్టలు ఉన్న చోట పక్క నుంచి వెలుతురు పడేలా దగ్గరగా తీయండి. లోపాన్ని పెద్దగా చూపించడానికి భయపడతారు గానీ, ఈ ఫొటోనే మిగతా ఫొటోలను నమ్మిస్తుంది.

ఇంటర్నెట్‌లోంచి తీసిన కంపెనీ ఫొటోలు పెట్టడం కన్నా ప్రకటన పెట్టకపోవడమే నయం. ఫొటోల్లో ఐఎంఈఐ, సీరియల్ నంబర్లు కనిపించకుండా చూడండి, నిజంగా కొనడానికి సిద్ధమైనవాళ్లు అడిగితే అప్పుడు విడిగా ఇవ్వొచ్చు. నల్లటి స్క్రీన్‌లో మీ ముఖం, ఇంటి లోపలి భాగం కనిపిస్తున్నాయేమో గమనించండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసి తీస్తే ఫొటో ఫైల్‌లో మీ ఇంటి చిరునామా జాడ మిగలదు.

8. వివరణ రాయడం

శీర్షికలో కంపెనీ, మోడల్, స్టోరేజ్, రంగు, స్థితి ఉండాలి. "సూపర్ ఫోన్, త్వరపడండి" అని రాస్తే వెతికేవాళ్లకు దొరకదు. వివరణలో పొగడ్తలు తగ్గించి, కొనేవాళ్లు అడగబోయే ప్రశ్నలకు జవాబులు రాయండి. ఉదాహరణకు ఒక ట్యాబ్లెట్‌కు ఇలా:

"రెండేళ్లు వాడిన ట్యాబ్లెట్, 128 జీబీ, వై-ఫై మోడల్. సిమ్ ఉండదు. కొన్న బిల్లు, డబ్బా, అసలు చార్జర్ ఉన్నాయి. స్క్రీన్ మీద గీతల్లేవు. వెనక కింది కుడి మూల చిన్న సొట్ట ఉంది, నాలుగో ఫొటోలో చూడండి. ఎప్పుడూ విప్పలేదు, రిపేర్ చేయించలేదు. వీడియో చూస్తే ఒక చార్జింగ్‌కు సుమారు ఆరు గంటలు వస్తుంది. అన్ని అకౌంట్లు తీసేసి రీసెట్ చేశాను, మీరు వచ్చి ఆన్ చేసి చూసుకోవచ్చు. పెద్దది కొన్నాను కాబట్టి అమ్ముతున్నాను."

చివరి వాక్యాన్ని తక్కువ అంచనా వేయకండి. ఎందుకు అమ్ముతున్నారన్నది ప్రతి కొనుగోలుదారు మనసులో ఉండే ప్రశ్న. రిపేర్ చేయించి ఉంటే ఏ భాగం మార్చారో రాయండి. దూరం పంపే అమ్మకాల్లో ఇలా రాతపూర్వకంగా చెప్పిన లోపం, తర్వాత వివాదం వచ్చినప్పుడు మీ పక్షాన నిలుస్తుంది.

9. బేరం

మొదటి మెసేజ్ చాలావరకు "లాస్ట్ ఎంతండీ?" అనే వస్తుంది. మనసులో పెట్టుకున్న కనీస ధర వెంటనే చెప్పేస్తే, అక్కడి నుంచే మళ్లీ బేరం మొదలవుతుంది. "ముందు వస్తువు చూడండి, నచ్చితే కొంచెం చూద్దామండీ" అంటే సరిపోతుంది. సగం ధరకు అడిగినవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు, "ఆ ధరకు రాదండీ, థాంక్స్" అని వదిలేయండి. ఎవరికో మాట ఇచ్చి వారం పాటు వస్తువు పక్కన పెట్టకండి, ముందు వచ్చి డబ్బు ఇచ్చినవాళ్లకే అని మొదట్లోనే స్పష్టంగా చెప్పండి. పది రోజుల్లో ఎవరూ గట్టిగా అడగకపోతే ధర కొంచెం తగ్గించి, మొదటి ఫొటో మార్చి చూడండి.

10. డబ్బు దగ్గర మోసాలు

మోసగాళ్ల కథలు మారుతుంటాయి, ఆట మాత్రం ఒకటే: తొందరపెట్టడం. వస్తువు చూడకుండానే, ఒక్క ప్రశ్న అడగకుండానే, చెప్పిన ధరకు ఒప్పుకున్నారంటే అక్కడే ఆగండి.

డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ చూపిస్తారు. దాన్ని తయారుచేయడం చిటికెలో పని. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, బ్యాలెన్స్‌లో డబ్బు చేరిందో చూడండి. మెసేజ్, మెయిల్ కూడా నకిలీవి రావొచ్చు. డబ్బు అందుకోవడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతాలోంచి వెళ్తోందని అర్థం.

"పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి ఇవ్వండి" అనేది ఇంకో పాత ఎత్తు. తర్వాత ఆ చెక్కు చెల్లదు, లేదా ఆ చెల్లింపు రద్దవుతుంది, మీరు తిరిగి పంపిన డబ్బు మాత్రం పోతుంది. "మీరు నిజమైన మనిషేనా, ఒక కోడ్ పంపాను చెప్పండి" అన్నవాళ్లు మీ నంబర్‌తో అకౌంట్ తెరవడానికో, మీ అకౌంట్‌లోకి దూరడానికో ప్రయత్నిస్తున్నారు. "కొరియర్ వాళ్లు ఇన్సూరెన్స్ కట్టమన్నారు" అంటూ లింక్ పంపితే నొక్కకండి. అమ్మేవాళ్లు ముందుగా డబ్బు కట్టాలని ఎవరన్నా అంటే ఆ మాటతోనే సంభాషణ ముగించండి.

ఒక సైట్‌లో పరిచయమై, "కమిషన్ మిగులుతుంది, బయట మాట్లాడుకుందాం" అంటే ఆ సైట్ మీకిచ్చే రక్షణ అంతా పోతుందని గుర్తుంచుకోండి. కొరియర్‌లో పంపే వస్తువుకు సైట్ లోపలి చెల్లింపే వాడాలి.

11. చేతికివ్వడం, పార్శిల్ పంపడం

ఎదురుగా ఇచ్చేటప్పుడు పగటిపూట, జనం తిరిగే చోట, కెమెరాలున్న చోట కలవండి. కొన్ని దేశాల్లో పోలీస్ స్టేషన్ల ఆవరణలోనే ఇలాంటి అమ్మకాలకు చోటు కేటాయించారు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జ్ చేసి తీసుకెళ్లి, కొనేవాళ్లను నిదానంగా పరీక్షించుకోనివ్వండి. వాళ్ల సిమ్ వేసి కాల్ చేయించండి, వాళ్ల అకౌంట్‌తో సెట్ చేయించండి. వాళ్లు అక్కడే తృప్తిపడితే రేపు ఫోన్ చేసి గొడవపడరు. అమ్మిన తేదీ, మోడల్, ఐఎంఈఐ, ధర, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు చేసిన కాగితం ఒకటి ఉంచుకోండి. ఆ ఫోన్‌తో తర్వాత ఎవరన్నా ఏదైనా నేరం చేస్తే, అది మీ చేతిలో లేదని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.

పార్శిల్ అయితే ప్యాక్ చేసేదంతా ఆపకుండా వీడియో తీయండి: సీరియల్ నంబర్, ఆన్ అయిన స్క్రీన్, డబ్బాలో పెట్టడం, టేపు వేయడం, కొరియర్ చిరునామా. వేరే పాడైన ఫోన్ తిరిగి పంపి "మీరిచ్చింది ఇదే" అనేవాళ్లు ఉంటారు, అప్పుడు ఈ వీడియో పనికొస్తుంది. బబుల్ ర్యాప్ చుట్టి, డబ్బా ఊపితే లోపల కదలకుండా నింపాలి. టీవీ, మానిటర్ స్క్రీన్ మీద గట్టి అట్ట పెట్టాలి. ట్రాకింగ్, ఇన్సూరెన్స్, సంతకం తీసుకుని ఇచ్చే సేవ ఎంచుకోండి.

లిథియం బ్యాటరీల నిబంధనలు తప్పక చూడండి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని 2016 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయంగా నిషేధించారు. పవర్ బ్యాంకులనూ ఆ లెక్కలోనే చూస్తారు. ఫోన్, ల్యాప్‌టాప్‌లో బిగించి ఉన్న బ్యాటరీలకు వేరే నిబంధనలున్నాయి, వాటిని పంపొచ్చు. లోపల ఏముందో కొరియర్‌కు నిజం చెప్పి, పరికరాన్ని పూర్తిగా ఆఫ్ చేసి, చార్జింగ్ 30 శాతం దాటకుండా ఉంచి పంపండి. తీసుకున్నవాళ్లు ఆన్ చేసి చూసుకోవడానికి అది చాలు.

12. అమ్ముడుపోనివి

ఎంత తగ్గించినా ఎవరూ అడగని వస్తువులు కొన్ని మిగులుతాయి. కేబుళ్లు, చార్జర్లు, మౌస్‌లు, పాత రౌటర్లను ఒక్కొక్కటిగా పెట్టకుండా కట్టగా చేసి ఒకే ధరకు పెడితే కొన్నిసార్లు పోతాయి. అదీ కాకపోతే పాఠశాలకో, నేర్చుకునే పిల్లలకో ఇవ్వండి. ఎవరికీ పనికిరానిది అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి వెళ్లాలి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పుడితే, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. రాగి, బంగారం లాంటి లోహాలతో పాటు సీసం, పాదరసం కూడా వాటిలో ఉంటాయి. మామూలు చెత్తలో కలిపితే ఆ విషం నేలలోకి, నీళ్లలోకి దిగుతుంది.

ఉబ్బిన బ్యాటరీ ఉన్న పరికరాన్ని చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు, పోస్టులోనో కొరియర్‌లోనో పంపొద్దు. ఆఫ్ చేసి, మంటకు అంటుకునే సామాన్లకు దూరంగా ఉంచి, సేకరణ కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి బ్యాటరీ ఉబ్బిందని చెప్పండి. దాన్ని ఎలా తీసుకురావాలో వాళ్లు చెబుతారు.